నిప్పు పుట్టని దాలయ్య

ఊ కొడుతూ వినండి. ఊ ఆగితే కథ కునుకు తీస్తుంది.

అనగా అనగా, ఎప్పటి మాటో. అగ్గిపుల్ల ఇంకా పుట్టని రోజులు. కొండ మీంచి పారి వచ్చే గెడ్డ పక్కన గోరింటవలస అని ఒక ఊరు. ఊళ్ళో అన్నీ తాటాకు ఇళ్ళే. ఒక ఇంటి చూరు పక్కింటి చూరుని తాకుతూ ఉండేది. ఆ ఊరివాళ్ళకి దెయ్యమంటే భయం లేదు, పులంటే భయం లేదు. నిప్పంటే భయం. మళ్ళీ నిప్పు లేకపోతే బువ్వ లేదు.

అందుకని ప్రతి ఇల్లాలూ పొయ్యిలో నిప్పుని పసిబిడ్డలా సాకేది. రాత్రి బూడిద కప్పి పడుకోబెట్టేది. పొద్దున్న ఊది లేపేది. ఎప్పుడైనా ఆరిపోతే పిడక ముక్క పట్టుకుని పక్కింటికి పోయేది. "ఒదినా, కాస్త నిప్పెట్టు" అంటే లేదనే వాళ్ళు లేరు. దాహమన్నవాడికి నీళ్ళు, పొయ్యి ఆరినవాడికి నిప్పు. అది ఊరి మర్యాద.

ఆ ఊళ్ళో దాలయ్య అని ఒక కంబారి ఉండేవాడు. కంబారి అంటే ఏడాది పొడుగునా ఒకే ఇంట్లో పనికి కుదిరినవాడు. ఊరి పెద్ద సన్యాసి నాయుడి ఇంట్లో ఉండేవాడు దాలయ్య. మంచి పనివాడు. మాట తక్కువ. మెత్తటి మనిషి. మెత్తటివాళ్ళకి కోపం ఊరికే రాదు. వస్తే మాత్రం ఎక్కడ ఆగాలో ఆ కోపానికి తెలీదు.

ఒకనాడు పొలం నుంచి వస్తుంటే బండి గెడ్డలో ఒరిగింది. ఎద్దు కాలు విరిగింది. నాయుడు నలుగురి ముందూ దాలయ్యని చెర్నాకోలతో కొట్టాడు. కొట్టి ఊరుకోలేదు. దాలయ్య తల్లిని ఒక మాట అన్నాడు. దెబ్బలకి దాలయ్య ఏడవలేదు. మాటకి ఏడిచాడు. పొద్దు వాలే వేళకి, కాలుతున్న చుట్ట తీసి నాయుడి గడ్డివాము మీదకి విసిరాడు.

విసిరిన చెయ్యి ఇంకా కిందకి దిగలేదు. తప్పు చేశానని అప్పుడే తెలిసింది. వాము పక్కనే పశువులసాల. సాలలో పాడావు కట్టేసి ఉంది. విప్పుదామని మంటలోకి దూరాడు. పలుపు ముడి రాలేదు. పొద్దున్న ఆ ముడి వేసింది తనే. గట్టిగా వేశాడు. కాలుతున్న పలుపుని రెండు చేతులా పట్టుకుని లాగాడు, లాగాడు, లాగాడు. ఆవు అరిచింది. తరవాత అరవడం ఆగిపోయింది.

దాలయ్య పారిపోలేదు. అరచేతులు కాలిపోయి అక్కడే కూలబడ్డాడు. రాజుగారి కోటలో తగువు విచారించారు.

"నువ్వే ఎట్టేవా నిప్పు?"

"నానే ఎట్టేను బావూ."

మూడు వానాకాలాలు ఖైదు వేశారు.

కోటలో అతన్ని వంటసాలలో వేశారు, పొయ్యిలు ఎగదోసే పనికి. మొదటి వానాకాలం నిప్పుని చూస్తే వణికాడు. రెండో వానాకాలం వణుకు తగ్గింది. మూడో వానాకాలానికి నిప్పూ అతనూ ఒకరికొకరు అలవాటు పడ్డారు. గడ్డి భగ్గుమనే చప్పుడు వింటే మాత్రం చెవులు మూసుకునేవాడు.

విడిచిపెట్టిన రోజున దాలయ్య కోట వాకిట్లో కాపలావాడికి దండం పెట్టి, "వెళ్ళొస్తాను బావూ" అన్నాడు. ఏ గుమ్మం దాటినా అలాగే అనమని తల్లి నేర్పింది మరి.

కాపలావాడు పకపకా నవ్వాడు. "ఒరే ఎర్రోడా, ఇక్కడ ఆ మాట అనకూడదురా. మళ్ళీ వస్తావేటి? పోతానని సెప్పి పో."

పోతానని ఎలా అంటారు? దాలయ్య నోటికి ఆ మాట రాలేదు. తలొంచుకుని నడిచాడు.

ఊరికొచ్చేసరికి తల్లి లేదు. తను కోటలో ఉండగానే పోయింది. ఇంటి కప్పు కూలి సగం గోడ మిగిలింది. ఆ గోడ పక్కన నాలుగు తాటాకులు కట్టుకున్నాడు. మూడు రాళ్ళు పెట్టి పొయ్యి చేసుకున్నాడు. పిడక ముక్క పట్టుకుని నిప్పుకి బయల్దేరాడు.

మొదటి ఇంటికి వెళ్ళాడు. "అమ్మా, కాస్త నిప్పెట్టండి."

"మా పొయ్యి ఆరిపోయింది" అంది ఆ ఇల్లాలు. ఇంటి కప్పులోంచి పొగ లేస్తూనే ఉంది.

రెండో ఇంటికి వెళ్ళాడు. "శుక్రవారం నిప్పు బయటకివ్వం" అంది ఆ ఇంటి ముసలమ్మ. ఆ రోజు మంగళవారం.

మూడో ఇంటికి వెళ్ళాడు. ఆ ఇంటావిడ బిడ్డని ఎత్తుకుని లోపలికి పోయి తడిక వేసుకుంది. ఆ తడిక చప్పుడుకే దాలయ్యకి ఎక్కువ నొప్పి వేసింది.

నీళ్ళలో నూకలు నానబెట్టుకుని తిన్నాడు. నిప్పు సంగతి సరే, ముందు పని దొరికితే చాలనుకున్నాడు. పనికి వెళ్ళాడు.

మందలు మేపేవాళ్ళ దగ్గరకి వెళ్ళాడు. "పశువులు కాస్తాను బావూ."

"ఒకదాన్ని కాసేవు కదరా. సాలు."

కళ్ళాల దగ్గరకి వెళ్ళాడు. "కుప్పలు నూరుస్తాను బావూ."

"కుప్పల పక్కన నిన్నెట్టుకుంటే మాకు నిద్దరెలా పడతాదిరా?"

బెల్లం వండేవాళ్ళ దగ్గరకి వెళ్ళాడు. "పొయ్యి ఎగదోస్తాను బావూ. కోటలో నాకదే పని."

"నీకదే పనని మాకూ తెలుసులేరా" అని ఒకడన్నాడు. అందరూ నవ్వారు. నవ్వి ఊరుకోకుండా ఒక మాట కట్టారు. "ఆడు నివురు గప్పిన నిప్పురా. పైకి బూడిద. లోపల భగభగ." ఆ మాట ఇంటింటికీ పాకింది. దాలయ్య దారిన వెళ్తుంటే పిల్లలు కూడా "నివురు, నివురు" అనేవాళ్ళు.

ఊరి చివర మట్టిగోతుల దగ్గర అసిరప్ప అనే కుమ్మరి ముసలామె ఉండేది. అప్ప అంటే ఆ వైపు అక్క, పిన్ని, పెద్దమ్మ, అన్నీను. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. సారె తిప్పే మనిషి లేక చేత్తోనే కుంపట్లు, మూకుళ్ళు, ప్రమిదలు చేసుకునేది. అడ్డపొగ కాల్చేది. అడ్డపొగంటే, చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. ఆ వైపు ఆడవాళ్ళకి అది మామూలే.

దాలయ్య ఆమె వాకిట్లోకి కూడా వెళ్ళలేదు. దూరంగా నిలబడ్డాడు. "అప్పా, కాస్త నిప్పెడతావా?"

"ఎవుల్రా?" అంది అసిరప్ప, చుట్ట నోట్లోంచి తియ్యకుండానే.

"దాలయ్యనప్పా."

"ఏ దాలయ్య? వాము దాలయ్యా?"

"ఆ."

"మరి అంత దూరం నిలబడితే నిప్పు రెక్కలు కట్టుకుని వస్తాదేటి? దగ్గరకి రా. ఊరంతా తిరిగేవంట."

"తిరిగేనప్పా. మొన్న మంగళారం నాడు అడిగితే శుక్రవారమంట, ఇవ్వకూడదంట."

అసిరప్ప నవ్వింది. నోట్లోంచి, ముక్కులోంచి పొగ వచ్చింది. "మంగళారం నాడు శుక్రారం తెచ్చేరా? గట్టోళ్ళే." చుట్ట తీసింది. ఎర్రటి కొసని అతని వైపు తిప్పి అందించింది. "ఇదిగో. నిప్పుని నోట్లో ఎట్టుకు తిరిగేదాన్ని. నీకు బెదురుతానా?"

దాలయ్య ఆ చుట్టని రెండు చేతుల నడుమ దాచుకుని ఇంటికి నడిచాడు. మూడు రాళ్ళ పొయ్యి వెలిగింది. ఆ పూట వేడి గంజి తాగాడు. తాగుతూ తల్లిని తలుచుకుని ఏడిచాడు.

పొద్దున్నే అసిరప్ప కేకేసింది. "ఒరే దాలయ్యా, నా సుట్టేదిరా?"

"పొయ్యిలో కాలిపోయిందప్పా."

"సుట్ట కాల్చేసేవు. ఇంక కుంపట్ల ఆవం కూడా నువ్వే కాల్చు. ఎలాగూ తగలెట్టాల్సిందే కదా. ఎవులు తగలెడితే ఏటి? దీనికి కోటలో ఎయ్యర్లే."

అలా పని దొరికింది దాలయ్యకి. రోజూ పొద్దున్న గంజి, రాత్రి కూడు. అడపాదడపా తిట్లు.

మట్టి తొక్కాడు, పిడకలు చేశాడు, కట్టెలు తెచ్చాడు. అన్నీ బాగానే చేశాడు. ఆవం పేర్చే రోజు వచ్చింది. పచ్చి కుంపట్లు పేర్చి, చుట్టూ పిడకలు వేసి, పైన గడ్డి కప్పారు. పొద్దు వాలుతోంది. నిప్పు పట్టుకుని దాలయ్య గడ్డి దగ్గరకి వెళ్ళాడు. వెనక్కొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ వెనక్కొచ్చాడు. మూడోసారి వెళ్ళి అక్కడే చతికిలబడ్డాడు.

"ఏట్రా అయింది?"

"ఆవు అరుస్తాదప్పా. గడ్డి చూస్తే అరుస్తాది."

అసిరప్ప వచ్చి పక్కన కూర్చుంది. "అరవనీరా. అది అరుస్తాది. నాను పోయేక కూడా అరుస్తాది. వింటూనే ఎట్టు."

దాలయ్య వింటూనే నిప్పు పెట్టాడు.

గడ్డి భగ్గుమంది. పొగ ఊరి మీదకి లేచింది. అంతే, ఊరు ఊరంతా కర్రలు, కుండలు, కడవలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ముందు సన్యాసి నాయుడు.

"తగలెట్టేడా?" అన్నాడు రొప్పుతూ.

"ఆ, తగలెట్టేడు" అంది అసిరప్ప. "కుంపట్లు కాలతన్నాయి. సూసి పోండి. నీళ్ళెలాగూ తెచ్చేరు కదా, నా తొట్లో పోసి పోండి."

నవ్వు వచ్చినవాళ్ళు నవ్వారు. నాయుడు నవ్వలేదు. "ఒక్క రవ్వ ఎగిరిందంటే నీదే పూచీ అసిరప్పా."

"నాదే."

రవ్వ ఎగరలేదు. ఆవం చుట్టూ దాలయ్య చెత్త ఊడ్చి, గిరి గీసినట్టు నీళ్ళు పోశాడు. అది చల్లారేదాకా దాని ఎదురుగానే కూర్చున్నాడు. ప్రతి ఆవానికీ అంతే. ఊడ్చేవాడు, నీళ్ళు పోసేవాడు, కూర్చునేవాడు. తీసిన కుంపటి కొడితే టంగుమనేది. ఖైదీ కాల్చిన కుంపట్లని ముందు ఎవరూ కొనలేదు. పొరుగూరివాళ్ళు కొనుక్కెళ్ళారు. అది చూసి, ఒకరికి తెలియకుండా ఒకరు, ఈ ఊరివాళ్ళూ కొన్నారు. కుంపటి కొనేవారే కాని, కాల్చినవాడితో ఒక్కరూ మాట్లాడేవారు కాదు. డబ్బులు అసిరప్ప చేతిలో పెట్టి, చూపు పక్కకి తిప్పుకుని పోయేవాళ్ళు.

ఇలా ఉండగా ఒక ఏడు గాలివాన పట్టింది. మూడు పగళ్ళు, మూడు రాత్రులు విడవలేదు. గెడ్డ పొంగి వీధుల్లోకి వచ్చింది. తాటాకులు లేచిపోయాయి. పొయ్యిల్లోకి నీళ్ళు దిగాయి. ఒక్కొక్క ఇంటి నిప్పే ఆరిపోయింది. పక్కింటికి పోతే పక్కింట్లోనూ లేదు. చెకుముకి రాళ్ళు కొట్టారు. దూది తడి, గడ్డి తడి. రవ్వ పుట్టి పుట్టగానే చచ్చింది.

సరిగ్గా అప్పుడే నాయుడి కోడలు బిడ్డని కంది. బాలింత మంచం కింద కుంపటి పెట్టాలి. బిడ్డని వెచ్చగా ఉంచాలి. ఇంట్లో కుంపటి ఉంది, నిప్పు లేదు. బిడ్డ మగపిల్లాడు. ఏడుపు సన్నగిల్లిపోతోంది. పాదాలు చల్లబడిపోతున్నాయి. నాయుడి భార్య పోలమ్మ తన పొట్టకి హత్తుకుంది, కోడలు హత్తుకుంది. తడిగుడ్డల ఇంట్లో ఎవరి ఒంట్లో వేడి ఉంది?

పోలమ్మ మోకాలి లోతు నీళ్ళలో పడుతూ లేస్తూ ఊరి చివరకి వచ్చింది. అసిరప్ప చూరు కింద కూర్చుని ఉంది. నోట్లో ఆరిపోయిన చుట్ట. లోపలగా, మట్టి అరుగు మీద దాలయ్య. అతని ఒళ్ళో మడిచిన గోనె మీద మూత పెట్టిన పెద్ద కుంపటి. మూడు రోజుల నుంచి దాన్ని ఒళ్ళోంచి దించలేదు. కప్పు ఏ వైపు కారితే ఆ వైపు తన వీపు పెట్టాడు.

"అప్పా, నీకాడ నిప్పుందా? పసిగుంటడు సల్లబడిపోతన్నాడు" అంది పోలమ్మ. దాలయ్య వైపు చూడలేదు.

"నాకాడ లేదు తల్లీ. నా సుట్టే ఆరిపోయింది. ఆడికాడుంది. ఆడినడుగు."

పోలమ్మ వానలో నిలబడింది. ఆమె పాడావు అది. తన చేత్తో కుడితి పెట్టిన ఆవు. వెనక్కి తిరగబోయింది. మళ్ళీ బిడ్డ పాదాలు గుర్తొచ్చాయి.

"దాలయ్యా, నిప్పెట్టరా."

కోట నుంచి వచ్చాక అసిరప్ప కాక ఊళ్ళో ఇంకొకరు అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. దాలయ్య కుంపటి ఎత్తి గుండెకి దగ్గరగా పట్టుకున్నాడు. తాటాకు గొడుగు తన తల మీద పెట్టుకోలేదు, కుంపటి మీద పెట్టాడు. పోలమ్మ ముందు, అతను వెనక.

నాయుడి వాకిట్లో, పాత వాము కాలిన చోటే, కొత్త వాము ఉంది. దాని ముందు నాయుడు కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"ఆగు. నిప్పట్టుకుని నా వాకిట్లోకా?"

పోలమ్మ ఏదో అనబోయింది. దాలయ్య ఆగిపోయాడు. "నాను లోపలికి రాను బావూ. ఇంద. నువ్వే అట్టుకెళ్ళు."

నాయుడు కర్ర పడేసి కుంపటి పట్టుకున్నాడు. పట్టుకున్న చేతులు చటుక్కున వెనక్కి తీశాడు. కుంపటి కాలిపోతోంది. దాలయ్య చేతుల్లో అది కదలకుండా ఉంది. నాయుడు ఆ చేతులకేసి చూశాడు. అరచేతుల్లో గీతలే లేవు. పలుపు కాల్చిన మచ్చ అడ్డంగా, తాడులా మెలితిరిగి ఉంది.

"నీకు కాలదేట్రా?"

"ఆనాడే కాలిపోయినాయి బావూ. ఇప్పుడు తెలీదు."

వాన పడుతూనే ఉంది. ఇంట్లోంచి బిడ్డ ఏడుపు వినబడడం లేదు. నాయుడు వాముకీ దాలయ్యకీ మధ్య నుంచి పక్కకి జరిగాడు. "ఎల్లు. బేగి ఎల్లు."

మంచం దగ్గర కుంపటి దించి మూత తీశాడు దాలయ్య. అంతా బూడిద. పోలమ్మ తల కొట్టుకుంది. "బూడిదేరా. బూడిదే ఉందిరా."

దాలయ్య వంగి ఊదాడు. ఒకసారి ఊదాడు, బూడిద లేచింది. రెండోసారి ఊదాడు, ఒక కన్ను తెరుచుకున్నట్టు ఎర్రగా కనబడింది. మూడోసారి ఊదాడు, కుంపటి నిండా నిప్పులు.

"నివురు కప్పబట్టే బతికిందమ్మా" అన్నాడు నెమ్మదిగా.

కాసేపటికి బిడ్డ గుక్కపట్టి ఏడిచాడు. ఆ ఏడుపు విని ఆ ఇంట్లో అందరూ నవ్వారు.

వాన వెలిశాక ఊరంతా ఆ కుంపటి దగ్గరకే వచ్చింది. శుక్రవారమన్న ముసలమ్మ వచ్చింది, తడిక వేసుకున్నావిడ వచ్చింది. "ఈ రోజేటి వారం?" అని ముసలమ్మని అసిరప్ప అడిగింది. దాలయ్య, "ఊరుకో అప్పా" అని అందరికీ పెట్టాడు.

నాయుడు మాత్రం వారం ఆగి వచ్చాడు. మట్టిగోతుల దగ్గర ఒక కుంపటి ఎత్తి టంగుమనిపించి చూశాడు. "ఆనాడు మీయమ్మని ఆ మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు.

"ఆవుని నాను సూసుకోవాల్సింది బావూ."

"మళ్ళీ మా ఇంటికి కంబారిగా వచ్చీరా."

"ఆవం ఉంది బావూ. అప్పకి కళ్ళు ఆనట్లేదు."

వెళ్తూ వెళ్తూ నాయుడు ఒక కుంపటి కొనుక్కున్నాడు.

అప్పటినుంచి ఊరి నిప్పు దాలయ్య దగ్గరే ఉండేది. ఎవరి పొయ్యి ఆరినా అక్కడికే వచ్చేవాళ్ళు. కోతలయ్యాక ఇంటింటి నుంచీ అతనికి గింజలు వచ్చేవి. అతను ఏ వారమైనా లేదనలేదు. ఏ మనిషినీ లేదనలేదు. నిప్పు చేతిలో పెట్టి ఒకటే మాట అనేవాడు. "గాలి సూసుకుని ఎల్లు." ముసలివాళ్ళకీ అదే, పిల్లలకీ అదే, నాయుడికీ అదే.

అసిరప్ప పోయినప్పుడు కొడుకులా దాలయ్యే కొరివి పెట్టాడు. చుట్ట వెలిగించి, నిప్పున్న వైపు నోట్లో పెట్టి మరీ పంపించాడు. అది ఆమె కోరిక.

చాలా ఏళ్ళకి దాలయ్య కూడా పోయాడు. ఆవం ఎదురుగా కూర్చుని కూర్చుని, అలాగే ఒరిగిపోయాడు. ఆవం చక్కగా కాలింది.

కాటికి తీసుకెళ్ళారు. కట్టెలు పేర్చారు. మరి తలకొరివి ఎవరు పెట్టాలి? పెళ్ళి లేదు, పిల్లల్లేరు, అన్నదమ్ముల్లేరు.

అప్పుడు కాటిని ఆనుకున్న ఊరి పొలిమేర దాకా పోలమ్మ వచ్చింది. నడుం వంగిపోయింది ఆమెకి. చేతిలో పెంకు మీద నిప్పు. తన పొయ్యిలోంచి తెచ్చింది.

"ఓలమ్మో, పొయ్యిలో నిప్పు కాటికి తేకూడదే" అన్నారు ఆడవాళ్ళు. "అయినోళ్ళకే తప్ప తేకూడదే."

"నా పొయ్యిలోది ఎవులి నిప్పు?" అంది పోలమ్మ. "ఆడిదే కదా. ఆడిది ఆడికిస్తన్నాను." ఆనాడు చల్లబడిన మనవడు ఇప్పుడు మీసాలవాడు. ఆ పెంకు అతని చేతిలో పెట్టింది.

అది చూసి ముసలమ్మ కోడలు ఇంటికి పోయి పెంకు తెచ్చింది. తడిక వేసుకున్నావిడ తెచ్చింది. మందల వాళ్ళు, కళ్ళాల వాళ్ళు, బెల్లం వాళ్ళు తెచ్చారు. గడప గడప నుంచీ నిప్పు వచ్చింది. నిప్పు పుట్టదన్న ఊళ్ళో దాలయ్యకి అంత నిప్పు పుట్టింది. ఏ మూల ఎవరు పెట్టారో తెలీదు. కట్టెలన్నీ ఒక్కసారే అంటుకున్నాయి.

మరి కొరివి పెట్టిన వాళ్ళకి మైల కదా. ఊరు ఊరంతా మైల పట్టింది. ఎవరికి ఎవరు వండి పెట్టాలి? పొరుగూరివాళ్ళు బళ్ళ మీద కూడు తెచ్చి పెట్టారు. "సచ్చింది ఒక్కడు, సుట్టాలు ఊరంతానా" అని ఈనాటికీ గోరింటవలస వాళ్ళని ఎగతాళి చేస్తారు. వీళ్ళు ఆ ఎగతాళికి కోపం తెచ్చుకోరు.

ఇప్పుడు ఇంటింటా అగ్గిపెట్టెలున్నాయి. నిప్పు అడిగి తెచ్చుకునే పని లేదు. అయినా ఆ ఊళ్ళో ప్రయాణమయ్యే వాళ్ళతో "గాలి సూసుకుని ఎల్లు" అనే అంటారు. మాట తక్కువ బిడ్డని తల్లులు ముద్దుగా "నా నివురు" అంటారు. ఇంకొకటుంది. ఏ తప్పు చేసైనా సరే, జైలుకి పోయి ఎవరైనా ఊరికి తిరిగొస్తే, ఏం చేశావు, ఎన్నాళ్ళున్నావు అని ముందు అడగరు. ఇంటి పక్కనున్న ఆడమనిషి కుంపటి నిండా నిప్పులు తెచ్చి ఆ గుమ్మంలో పెడుతుంది. మూత తీసి ఒక్కసారి ఊదుతుంది. అడగాల్సినవన్నీ అతని పొయ్యి మీద గంజి కాగాక అడుగుతారు.

కథ చల్లారింది. మీ పొయ్యిలు చూసుకోండి.